అర మూత

నాకు అక్షరాలు పట్టుబడింది యాభై ఆరో ఏట. ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయి ఉంటే మన్నించండి. చెయ్యి కూడా నెమ్మది. ఈ కాస్త రాయడానికి మూడు నెలలు పట్టింది. కథ నాది కాదు, లెక్కల టీచరమ్మది. తన లోపల ఏం జరిగిందో ఆమె తానే చెప్పింది, రాయమన్నది కూడా ఆమే.

సోమవారం మూడో పీరియడ్ సగం గడిచేదాకా లెక్కల టీచరమ్మకు ఏ ఇబ్బందీ రాలేదు. ఎనిమిదో తరగతి బి సెక్షన్, ముప్పై ఎనిమిది మంది ఆడపిల్లలు, బోర్డు మీద భిన్నాల భాగహారం. మూడుని అరతో భాగించాలి. ఆమె అరని తిరగేసింది. ఒకటి బై రెండు కాస్తా రెండు బై ఒకటి అయింది. భాగహారం గుర్తు చెరిపి గుణకారం గుర్తు పెట్టింది. ఆరు అని రాసి కింద రెండు గీతలు గీసింది.

"అర్థమైందా?"

"అయింది టీచర్," అన్నాయి ముప్పై ఏడు గొంతులు.

ముప్పై ఎనిమిదో గొంతు చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పిల్లది. తరగతిలో అందరూ ఆ పిల్లని కొక్కెం అంటారు. ఏ మాట విన్నా చివర ఒక ప్రశ్న గుర్తు తగిలిస్తుందని పెట్టిన పేరు. ప్రశ్న గుర్తు కొక్కెంలాగే ఉంటుంది కదా.

"టీచర్, భాగించడం అంటే పంచడం అని మీరే చెప్పారు. ఆరు పెన్సిళ్లు ముగ్గురికి పంచితే తలా రెండు. మరి మూడు పెన్సిళ్లు అర మనిషికి ఎలా పంచుతాం?"

తరగతి గొల్లుమంది. "పై సగానికా, కింది సగానికా?" అని ముందు బెంచీలోంచి ఎవరో అన్నారు.

కొక్కెం నవ్వలేదు. "పంచితే తగ్గాలి కదా టీచర్. మూడు కాస్తా ఆరు అయ్యాయేం? అసలు తిరగెయ్యడం ఎందుకు?"

టీచరమ్మకు చేతిలో సుద్దముక్క ఉన్న సంగతి కూడా తెలియలేదు, అది విరిగి రెండు ముక్కలుగా కింద పడేదాకా.

"అది సూత్రం. సూత్రాన్ని ఎందుకని అడగరు. కూర్చో."

అన్న తర్వాత గుర్తుపట్టింది, ఆ మాట తనది కాదని. వాళ్ల నాన్నది.

ఆయన కాలేజీలో లెక్కల లెక్చరరు. ఆయన క్లాసులో ఈగ వాలినా చప్పుడు వినిపించేదని చెప్పుకునేవాళ్లు. పన్నెండేళ్ల వయసులో ఈమె ఇదే లెక్క దగ్గర ఇదే ప్రశ్న అడిగింది. ఆయన కొట్టలేదు, కేకలు కూడా వెయ్యలేదు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, "ఎందుకు అని అడగడానికి కొంత తెలివి ఉండాలి. నీకు చెయ్యడం వస్తే చాలు," అన్నారు. ఆ రోజు నుంచి ఆమె అడగలేదు. చేసింది. టెన్త్‌లో నూటికి తొంభై ఎనిమిది. డిగ్రీలో సిద్ధాంతాలు పేజీలకు పేజీలు కంఠతా పట్టి, కామా పోకుండా దించేసింది. లెక్కల టీచరు అయింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తనకు లెక్కలు వచ్చు అని అనుకోలేదు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు లేచి నిలబడి అడుగుతారని, ఆ రోజుతో తన బండారం బయటపడుతుందని, బోర్డు వైపు తిరిగిన ప్రతిసారీ వీపంతా చెవులు చేసుకుని ఎదురుచూసేది.

మధ్యాహ్నం పెద్ద మేడం గదికి పిలుపు వచ్చింది. రెండో లెక్కల మాస్టారు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. బడిలో లెక్కలకు ఇద్దరినీ ఏడాది పరీక్ష మీద తీసుకున్నారు. ఏడాది ఆఖరికి ఒక పోస్టే ఖాయమవుతుంది. ఆ సంగతి చేరిన రోజే చెప్పారు.

"గురువారం తనిఖీకి అధికారి గారు వస్తున్నారు," అంది పెద్ద మేడం. "మీ ఇద్దరి పాఠాలూ వెనక కూర్చుని చూస్తారు. ఆయన రాసేదాన్ని బట్టే ఉంటుంది. మాస్టారిది తొమ్మిదో తరగతి. అమ్మాయ్, నీది ఎనిమిది బి. ఇప్పుడు ఏ పాఠం నడుస్తోంది?"

"భిన్నాల భాగహారం అండి."

"అదే కొనసాగించు. తేలికైన పాఠం. నీ అదృష్టం బాగుంది."

బయటికి వచ్చాక మాస్టారు మెట్ల దగ్గర ఆగాడు. ఆయన పద్ధతి బడంతా ఎరుగుదురు. పాఠం చెప్పడు, పాడిస్తాడు. తిరగెయ్, గుణించెయ్, కొట్టెయ్, రాసెయ్ అని తరగతి మొత్తం బల్లలు వాయిస్తుంటే పక్క గదిలో చరిత్ర పాఠంలోని రాజులు కూడా ఆ తాళానికే యుద్ధాలు చేసుకునేవారు.

"ఏంటి మేడం, ముఖం అలా పాలిపోయింది?"

"మాస్టారూ, భిన్నాన్ని తిరగెయ్యడం ఎందుకో పిల్లలు అడిగితే మీరేం చెప్తారు?"

"అడగరు."

"అడిగితే?"

"అడిగేంత ఖాళీ ఇవ్వకూడదు మేడం. కారణాలు మొదలుపెడితే సిలబస్ ఈ జన్మలో పూర్తికాదు." రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు. "మీకు తెలుసు కదా, ఎందుకో?"

"తెలుసు," అంది. అంటున్నప్పుడే చెవులు వేడెక్కాయి. ఆయన చూశాడు. చూసి, ఈల వేసుకుంటూ దిగిపోయాడు.

మంగళవారం ఆమె గ్రంథాలయంలో ఉన్న గైడ్లన్నీ వెతికింది. అన్నింటిలోనూ ఒకటే మాట: తిరగేసి గుణించవలెను. ఒకదాంట్లో మాత్రం గుణకార విలోమం నిర్వచనం ప్రకారం అని ఉంది. ఆ వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. దాన్ని కొక్కెం ముందు అప్పజెప్పినట్టు ఊహించుకుంది. ఆ పిల్ల తల పక్కకి వంచి, విలోమం ఎందుకు టీచర్ అన్నట్టు వినిపించింది. పుస్తకం మూసేసింది.

ఇంట్లో అమ్మ అడిగింది. "అధికారి వస్తున్నాడటగా. నీకేం భయమే. ఎవరి కూతురివి."

అదే కదా భయం అని అనలేక, ఆమె రెండో ముద్ద మింగడానికి మంచినీళ్లు తాగింది.

బుధవారం ఇంటర్వెల్‌లో చేసిన పని గురించి చెప్పేటప్పుడు టీచరమ్మ నా ముఖం చూడలేదు. కొక్కెంని వరండా చివరికి పిలిచింది. చేతులు కట్టుకుని నిలబడింది ఆ పిల్ల.

"రేపు మన తరగతికి పెద్దవాళ్లు వస్తున్నారు. నువ్వు నోరు విప్పకూడదు."

"ఎందుకు టీచర్?"

"ఇదిగో, ఇదే. ఈ మాటే వద్దంటున్నాను. నీ తెలివి చూపించుకోడానికి నా క్లాసే దొరికిందా? రేపు ఒక్క మాట మాట్లాడావంటే నీ నోటుబుక్కు ఇంకెప్పుడూ దిద్దను."

పిల్ల తల ఊపింది. కళ్లు నేలకి వాలాయి, చేతులు బిగుసుకున్నాయి, పెదవులు లోపలికి మడతపడ్డాయి. ఆ ముఖం టీచరమ్మ ఎక్కడో చూసింది. గబగబా స్టాఫ్ రూమ్‌కి నడుస్తుంటే గుర్తొచ్చింది. పన్నెండేళ్ల వయసులో, అద్దంలో.

సాయంత్రం బడి వదిలాక ఆమె మెట్ల కింద సామాను గదికి వెళ్లింది. చీపుళ్లు, బకెట్లు, ఫినాయిల్ డబ్బా, ఒక పక్క ఇరుసు ఊడిన గ్లోబు. అది ఆయా ఉండే గది. బడి ఊడ్చి, గంట కొట్టే ఆయాకు రోజూ అరగంట అక్షరాలు నేర్పిస్తుంది టీచరమ్మ. మూడు నెలలుగా. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఆయా అప్పుడే మర్నాటి బకెట్లకు ఫినాయిల్ కొలుస్తోంది. డబ్బా మూత లోపలి వైపున సగానికి ఒక గీత ఉంది, దాని దాకా పోసి బకెట్లో వంచుతుంది, మళ్లీ పోస్తుంది. ఆ వాసనకి టీచరమ్మ ముక్కు ఎగబీల్చింది.

"కూర్చోండి టీచరమ్మా. ఏంటి, ఎవరైనా కొట్టారా?"

"లేదు పెద్దమ్మా. పలక తియ్యి."

ఆయా ప రాసింది, బ రాసింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "ప-కి తలకట్టు ఉంది. బ-కి లేదు. పాపం దీనికెందుకు లేదమ్మా?"

"నాకు తెలియదు పెద్దమ్మా. అలాగే రాస్తారు. ఎవరినైనా అడిగి చెప్తాను."

"సరే." ఆయా పలక మీద ఇంకో బ రాసింది. రాస్తూనే అంది. "ఇక్కడ తెలియదు అని ఎంత తేలిగ్గా అనేస్తారు. నాకు అదే నచ్చుతుంది. పైన క్లాసులో మాత్రం ఆ మాట మీ నోట ఎప్పుడూ వినలేదు. ఊడుస్తూ వింటాను కదా."

టీచరమ్మ పలకని చేతిలోకి తీసుకుంది, ఆ బ-ని అనవసరంగా దిద్దింది.

"పొద్దున ఆ కొక్కెం పిల్ల ఇక్కడే కూర్చుంది," అంది ఆయా. "వాళ్ల బస్సు ముందే వస్తుంది కదా. ఎంత వాగుడో. మధ్యాహ్నం ఎదురైతే మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు. జ్వరమేమో చూడండి."

ఆ మాటకి టీచరమ్మ పలక కింద పెట్టి లేచిపోయింది.

గురువారం మూడో పీరియడ్. అధికారి సన్నగా, మెత్తగా నడిచే మనిషి. వెనక బెంచీలో, సరిగ్గా కొక్కెం పక్కనే కూర్చున్నాడు. ఒళ్లో నల్ల అట్ట నోటుబుక్కు. పెద్ద మేడం గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంది. వరండాలో ఆయా చీపురు ఒకే చోట చాలాసేపు ఊడ్చింది.

టీచరమ్మ చేతిలోంచి సుద్ద జారిపోతోంది. అయినా నోరు దానంతట అదే నడిచింది, ఇన్నేళ్లు నడిచినట్టే. తిరగేసింది, గుణించింది, రెండు గీతలు గీసింది. ముగ్గురు పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచింది, ముగ్గురూ సరిగ్గా చేశారు. పెద్ద మేడం తల ఆడించింది. గడియారంలో ఇంకా పన్నెండు నిమిషాలు. గట్టెక్కేస్తాను అనుకుంది.

అప్పుడు అధికారి గొంతు సవరించుకున్నాడు. "నేనొకటి అడగొచ్చా?" పక్కనున్న పిల్ల వైపు తిరిగాడు. "పాపా, మూడుని అరతో భాగిస్తే ఆరు వచ్చింది. భాగిస్తే పెరిగిందేమిటి? చెప్పగలవా?"

కొక్కెం లేచి నిలబడింది. ఆ పిల్ల కళ్లలో జవాబు ఉంది. అంత దూరం నుంచి కూడా టీచరమ్మకు కనిపించింది, దీపం వెలిగించినట్టు. పెదవులు కదిలాయి. ఒకసారి బోర్డు వైపు చూసింది. పెదవులు మళ్లీ లోపలికి మడతపడ్డాయి.

"తెలియదా? ఫర్వాలేదు."

పిల్ల తల అడ్డంగానూ ఆడించలేదు, నిలువుగానూ ఆడించలేదు.

"ఈ అమ్మాయికి కొంచెం," అని పెద్ద మేడం గుమ్మంలోంచి నవ్వుతూ సర్దిచెప్పబోయింది, "చదువు అంతంతమాత్రమేనండి."

అధికారి నోటుబుక్కు తెరిచాడు, ఏదో రాయడానికి. అది తన గురించో, పిల్ల గురించో టీచరమ్మకు తెలియదు. నోరు మూసుకుంటే పీరియడ్ అయిపోతుంది. పన్నెండు నిమిషాలు. పోస్టు నిలబడొచ్చు. ఆ పిల్ల మాత్రం కూర్చుంటుంది, ఇంక ఎప్పటికీ లేవదు. నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుంటుంది, కానీ లేవదు.

"ఆ పిల్లకి తెలుసండి," అంది టీచరమ్మ. బల్ల అంచు పట్టుకుంది. "తెలియనిది నాకు. సోమవారం ఇదే ప్రశ్న తను నన్ను అడిగింది. నాకు జవాబు రాలేదు. ఇవాళ నోరు విప్పొద్దని నేనే బెదిరించాను."

పెద్ద మేడం నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. వరండాలో చీపురు చప్పుడు ఆగింది.

"చెప్పమ్మా," అంది టీచరమ్మ. "నీ నోటుబుక్కు నేనే దిద్దుతాను. చెప్పు."

"పంచడం కాదు టీచర్," అంది కొక్కెం. "కొలవడం. ఆయమ్మ దగ్గర నిన్న పొద్దున మూడు మూతల ఫినాయిలే ఉంది. బకెట్‌కి అర మూత చొప్పున ఎన్ని బకెట్లకి వస్తుందో చూసుకుంది. ఆరు. మూడుని అరతో భాగించడం అంటే మూడులో అరలు ఎన్ని అని. అర మనిషి అక్కర్లేదు." ఊపిరి తీసుకుంది. "ఒక్కో మూతలో రెండు అరలు ఉంటాయి కాబట్టి రెండుతో గుణించాలి. తిరగెయ్యడం అంటే అదే టీచర్. ఒక్క మూతలో ఎన్నున్నాయో ముందు చూసుకోవడం."

అధికారి కలం ఆగింది. "బాగుంది. మరి అర కాకుండా మూడింట రెండు వంతులైతే? అప్పుడు మూడు బై రెండుతో గుణిస్తాం. అది ఎందుకు?"

కొక్కెం అంతదాకా ఆలోచించలేదు. సాయం కోసం టీచరమ్మ వైపు చూసింది.

ఇంతమంది ముందు, ఏమీ కంఠతా రాకుండా, ఆమె బోర్డు వైపు తిరగడం అదే మొదటిసారి. మూత బొమ్మ గీసింది, వంకరగా వచ్చింది. దాన్ని అడ్డంగా మూడు భాగాలు చేసింది. కింది రెండు భాగాలు సుద్దతో నింపింది.

"ఒక మూతలో మూడింట రెండు వంతులు ఎన్ని ఉన్నాయి," అంది, పిల్లలతోనో తనతోనో. "ఒకటి ఉంది. ఇదిగో." వేలు పైభాగం మీద ఆగింది. "ఇది మిగిలింది. మిగిలింది ఒక భాగం. మనకు కావలసింది రెండు భాగాలు. అంటే ఇది..."

"సగం," అంది కొక్కెం.

"సగం. ఒకటీ, ఇంకో సగమూ. ఒకటిన్నర." సుద్ద గీసుకుపోయి కీచుమంది. "ఒకటిన్నర అంటే మూడు బై రెండు." తను రాసిన దాన్ని తనే చూస్తూ నిలబడిపోయింది. "తిరగబడింది," అంది నెమ్మదిగా. "దానంతట అదే."

"ఇది మీకు ముందే తెలుసా?" అధికారి అడిగాడు.

"లేదండి. ఇప్పుడే తెలిసింది."

ఆయన రెండు వాక్యాలు రాసుకున్నాడు. గంట మోగింది, ఒక నిమిషం ఆలస్యంగా. కొట్టాల్సిన మనిషి కిటికీ దగ్గర నిలబడి మరిచిపోయింది.

తర్వాతి వారం రోజులు టీచరమ్మ సరిగా తినలేదు. శుక్రవారం స్టాఫ్ రూమ్‌లో మాటలు ఆమె రాగానే ఆగిపోయాయి. మాస్టారు మాత్రం ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "ఎంత పని చేశారు మేడం. ఇప్పుడు నా పిల్లలు కూడా ఎందుకని అడుగుతున్నారు. ఇవాళ రెండు సార్లు నీళ్లు నమిలాను." ఎగతాళిగా మొదలుపెట్టాడు గానీ, చివరికి వచ్చేసరికి ఆయన గొంతులో కూడా అదే వణుకు వినిపించింది ఆమెకు. ఇంతకాలం ఆ బల్లల దరువు దేన్ని మూసిపెట్టిందో అప్పుడు అర్థమైంది.

ఆ వారం ఆఖరికి పెద్ద మేడం పిలిచింది. కూర్చోమనలేదు.

"అధికారి గారు ఏం రాశారో వింటావా? టీచరుకు విషయం మీద పట్టు చాలదు. తనకు తెలియదని పిల్లల ముందు చెప్పగలిగిన టీచరును మాత్రం నేను చాలా అరుదుగా చూశాను." కాగితం కింద పెట్టింది. "దీన్నేం చేసుకోమంటావు నన్ను? పొగిడినట్టా, తిట్టినట్టా?"

"తెలియదండి."

"ఆ మాట నీకు అలవాటైపోయినట్టుంది." ఆమె కళ్లజోడు సర్దుకుంది. "పోస్టు మాస్టారికి ఇచ్చాం. నిన్ను తీసెయ్యడం లేదు. ఇంకో ఏడాది పరీక్ష మీదే ఉంటావు, ఆరు ఏడు తరగతులకు. వచ్చే ఏడాది మళ్లీ వస్తారాయన."

అంటే ఇంకో ఏడాది భయపడమన్నారు. టీచరమ్మ అదే నాతో అంటూ నవ్వింది. ఇంట్లో అమ్మకు పోస్టు రాలేదని చెప్పింది. ఎందుకు రాలేదని అమ్మ అడిగింది. ఆ ఒక్క ఎందుకుకి జవాబు మొత్తం చెప్పేసరికి ఇద్దరి కంచాల్లోనూ అన్నం ఎండిపోయింది.

పెద్ద మేడం గది నుంచి వచ్చిన రోజు సాయంత్రమే, సామాను గది ముందు కొక్కెం కాచుకుని ఉంది. నోటుబుక్కు గుండెలకి హత్తుకుని, ఆ పిల్ల ముఖంలో మళ్లీ ఆ దీపం.

"టీచర్, ఒకటి అడగనా?"

ఆ పాత భయం, ఉన్న చోటే ఉంది. ఎక్కడికీ పోలేదు.

"అడుగు."

"అర మూతతో కొలిస్తే ఆరు. పావు మూతతో కొలిస్తే పన్నెండు. మూత చిన్నదయ్యే కొద్దీ ఎక్కువసార్లు పొయ్యాలి. మరి సున్నా మూతతో కొలిస్తే? ఎన్నిసార్లు పొయ్యాలి టీచర్?"

టీచరమ్మకు నిర్వచనం గుర్తొచ్చింది. సున్నాతో భాగహారం నిర్వచించబడలేదు. కామాతో సహా వచ్చు. నోటి దాకా వచ్చిన దాన్ని మింగేసింది.

"ఆయమ్మని అడుగుదాం పద," అంది. "పెద్దమ్మా, మూతలో ఏమీ పొయ్యకుండా బకెట్లో వంచుతూ ఉంటే, ఈ డబ్బా ఎన్నిసార్లకి ఖాళీ అవుతుంది?"

ఆయా చేతిలో డబ్బా పట్టుకుని, కాసేపు నిజంగానే ఆలోచించింది. ఉత్త మూతని బకెట్ మీద ఒకసారి వంచింది. ఇంకోసారి వంచింది. తర్వాత ఆ మూతని, లోపల ఏముందో అన్నట్టు, కొంచెం దూరంగా పట్టుకుని చూసింది.

"అవదమ్మా," అంది. "నేను పోయినా అవదు. దీన్ని చూస్తే నాకు భయమేస్తోంది."

"నాకూ," అంది టీచరమ్మ. సుద్దముక్క కోసం సంచిలో వెతుక్కుంది. "కూర్చో. ముగ్గురం కలిసే భయపడదాం."

ఇది రాసిన ఆయాని బడిలో అందరూ పిలిచే పేరు గంటాయమ్మ. వయసు అరవై ఒకటి. భర్త పోయి పందొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉండేది చిన్న కూతురింట్లో, మూడో అంతస్తులో, కొత్త ఆయా కొట్టే గంట గాలి ఇటు తిరిగినప్పుడు వినిపించేంత దూరంలో.